జీబో గేమ్ కన్సోల్: పెట్టె చవకే, ఆటల సంగతేమిటి?

జీబో అనే గేమ్ కన్సోల్ 2009లో బ్రెజిల్ మార్కెట్‌లోకి వచ్చింది. మొబైల్ ఫోన్లకు చిప్‌లు తయారుచేసే క్వాల్‌కామ్, బ్రెజిల్‌లో వీడియో గేములంటే అందరికీ తెలిసిన టెక్‌టాయ్ కలిసి పెట్టిన కంపెనీ దాన్ని తీసుకొచ్చింది. టీవీకి తీగ తగిలించి, కరెంటు ఇచ్చి, ఆన్ చేస్తే చాలు. డిస్కులు కొననక్కర్లేదు, క్యాసెట్లు మార్చనక్కర్లేదు, ఇంట్లో ఇంటర్నెట్ కనెక్షన్ కూడా ఉండనక్కర్లేదు. ఆటలు మొబైల్ నెట్‌వర్క్ మీదుగా నేరుగా పెట్టెలోకే డౌన్‌లోడ్ అయ్యేవి, అందుకయ్యే డేటా ఖర్చు కొన్నవారి మీద పడేది కాదు. ఖరీదైన కన్సోళ్లు కొనలేని దేశాల్లోని మధ్యతరగతి కుటుంబాల కోసమని ప్రకటించి తయారుచేసిన ఈ యంత్రం 2011లోనే మూతపడింది. భారతదేశం, చైనా కూడా ఆ కంపెనీ ప్రణాళికల్లో ఉండేవి గనుక, కథ మరోలా నడిచి ఉంటే ఇది మన టీవీల పక్కకు కూడా చేరి ఉండేది.

అమ్మకాలు ఎప్పుడో ఆగిపోయిన వస్తువును ఇప్పుడు సమీక్షించడానికి బలమైన కారణమే ఉంది. టీవీకి తగిలించి ఆడుకునే చవక యంత్రాలు ఏటేటా కొత్త పేర్లతో వస్తూనే ఉన్నాయి, వాటిని చూసినప్పుడల్లా అందరి చూపూ పెట్టె మీద వేసిన ధర మీదికే పోతుంది. నా లెక్కలో అది సగం సంగతి మాత్రమే. పెట్టె ఒక్కసారి కొంటాం, ఆటలు మాత్రం ఆడినన్నాళ్లూ కావలసి వస్తూనే ఉంటాయి. అందుచేత రెండో ఆట, పదో ఆట ఇంటికి ఏ దారిన వస్తుంది, ఎంతకు వస్తుంది, వచ్చాక ఎన్నాళ్లు మన దగ్గర ఉంటుంది అన్న మూడు ప్రశ్నలు వేసుకుని, వాటికి దొరికే జవాబులను బట్టే చవక కన్సోల్ మంచిచెడ్డలు తేల్చాలి. జీబో మొదటి ప్రశ్నకు ఆ కాలంలో ఎవరూ ఇవ్వనంత చక్కని జవాబు ఇచ్చింది. మిగిలిన రెండింటి దగ్గరే తడబడింది.

ముందుగా ధర సంగతి. బ్రెజిల్‌లో జీబోను 499 రెయాలకు (రెయాల్ అక్కడి కరెన్సీ) విడుదల చేశారు. ఆ ఏడాది అక్కడి కనీస వేతనం నెలకు 465 రెయాలు. అంటే కనీస వేతనం మీద బతికే కార్మికుడు నెల జీతమంతా తెచ్చి పోసినా ఈ పెట్టె చేతికి రాదు. పోటీదారుల పక్కన నిలబెడితే మాత్రం ఈ అంకె వేరేగా కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ 360ని 2006 డిసెంబరులో బ్రెజిల్‌లో అధికారికంగా విడుదల చేసినప్పుడు దాని ధర 2,999 రెయాలు. ప్లేస్టేషన్ 3 అధికారికంగా 2010లో వచ్చినప్పుడు 1,999 రెయాలు. దిగుమతి సుంకం, దాని మీద పారిశ్రామిక ఉత్పత్తుల పన్ను, ఆ మొత్తం మీద రాష్ట్రం వేసే పన్ను ఇలా ఒకదాని మీద ఒకటి పేరుకుపోవడం వల్ల బయటి నుంచి వచ్చే కన్సోల్ అక్కడి దుకాణానికి చేరేసరికి సామాన్యుడి ఊహకు అందనంత దూరం వెళ్లిపోయేది. ఆ నేపథ్యంలో 499 రెయాలు నిజంగానే తక్కువ. అయినా కంపెనీ ఆ ధర మీద నిలబడలేకపోయింది, కొద్ది నెలల్లోనే మెట్టు మెట్టుగా దించి 299 రెయాలకు తెచ్చింది. మెక్సికోలో 2009 నవంబరులో 2,499 పెసోలకు విడుదల చేశారు. ఆ దేశంలో అప్పటి కనీస కూలి, ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో కూడా, రోజుకు 54.80 పెసోలే కాబట్టి అది సుమారు నెలన్నర కూలి. కొత్తగా ఎదుగుతున్న మార్కెట్ కోసమని చెప్పుకునే వస్తువు ధరను డాలర్లలోకి మార్చి చూసి మురిసిపోవడం కంటే, అక్కడివారి కూలి లెక్కలో చూడటమే న్యాయం.

ఈ ప్రయత్నానికి బ్రెజిల్‌నే ఎందుకు ఎంచుకున్నారన్నది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. దేశీయ కంప్యూటర్ పరిశ్రమను కాపాడుకోవడానికి బ్రెజిల్ 1984లో ప్రత్యేక చట్టం చేసి విదేశీ యంత్రాలకు తలుపులు దాదాపుగా మూసేసింది. ఆ నీడలో నింటెండో యంత్రానికి దేశీయ నకళ్లు పుట్టుకొచ్చాయి. గ్రాదియెంతే కంపెనీ వారి ఫాంటమ్ సిస్టమ్ వాటిలో పేరున్నది. నింటెండో అధికారికంగా అడుగుపెట్టింది 1993లోనే. అంతకుముందే, 1987లో మొదలైన టెక్‌టాయ్, జపాన్ గేమ్ కంపెనీ సెగాతో ఒప్పందం చేసుకుని మాస్టర్ సిస్టమ్, మెగా డ్రైవ్ కన్సోళ్లను పన్ను రాయితీలున్న మనౌస్ ఫ్రీ జోన్‌లో తయారుచేసి ఇంటింటికీ చేర్చింది. అంతటితో ఆగకుండా ఆటలను పోర్చుగీసులోకి మార్చింది. వండర్ బాయ్ ఇన్ మాన్‌స్టర్ ల్యాండ్ అనే జపాన్ ఆటలో కథానాయకుడి స్థానంలో బ్రెజిల్ పిల్లలందరికీ ప్రాణమైన కామిక్స్ పాత్ర మోనికాను పెట్టి 1991లో విడుదల చేసింది. కొనేవారి భాష, వారి పిల్లలకు తెలిసిన ముఖాలు, వారికి అందే ధర, పాడైతే బాగుచేసే యంత్రాంగం ఈ నాలుగూ కుదిరితే పాత యంత్రమైనా ఏళ్ల తరబడి అమ్ముడుపోతుందని టెక్‌టాయ్ తన అనుభవంతో నిరూపించింది. జీబో మీద నాకు సానుభూతి ఉండటానికి ఇదే కారణం. మార్కెట్ ఎరుగనివారు దూరం నుంచి విసిరిన వస్తువు కాదది.

ఇక యంత్రం విషయానికి వద్దాం. తెల్లటి, చిన్న, తేలికైన పెట్టె. లోపల ఉన్నది క్వాల్‌కామ్ ఎంఎస్‌ఎం7201ఏ చిప్, 528 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే ఏఆర్‌ఎం11 ప్రాసెసర్, బొమ్మలు గీయడానికి అడ్రినో 130 అనే గ్రాఫిక్స్ భాగం. మొట్టమొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌గా 2008లో వచ్చిన హెచ్‌టీసీ డ్రీమ్‌లో ఉన్నదీ ఇదే చిప్ కుటుంబం. లోపలి నిల్వ 1 జీబీ, పక్కన ఎస్‌డీ కార్డు పెట్టుకునే చోటు, ప్యాడ్‌లూ కీబోర్డూ తగిలించుకోవడానికి మూడు యూఎస్‌బీ రంధ్రాలు ఉన్నాయి. తెర మీద బొమ్మ 640 బై 480 చుక్కలు. అప్పటికే ఇళ్లలో ఉన్న పాత గాజు తెర టీవీలకు ఆ మాత్రం సరిపోతుంది, సాధారణ ఏవీ తీగతోనే పని జరిగిపోతుంది. కొత్త టీవీ కొంటే తప్ప ఆడలేని యంత్రాన్ని చవక కన్సోల్ అని పిలవడంలో అర్థం లేదు కాబట్టి ఈ నిర్ణయం పూర్తిగా సరైనదని నేను భావిస్తాను.

ఫోన్ చిప్ వాడటంలోనూ తెలివి ఉంది. లక్షల సంఖ్యలో తయారయ్యే చిప్ కాబట్టి ఖరీదు తగ్గుతుంది. బ్యాటరీ మీద నడవడానికి రూపొందినది కాబట్టి కరెంటు చాలా తక్కువ తాగుతుంది, వేడెక్కదు. త్రీజీ మోడెమ్ అదే చిప్‌లో భాగం, దాన్ని విడిగా కొని అతికించే ఖర్చు లేదు. పైగా క్వాల్‌కామ్‌కు బ్రూ అనే సొంత సాఫ్ట్‌వేర్ వేదిక ఉండేది, దాని మీద ఫోన్ల కోసం రాసిన ఆటలు అప్పటికే కుప్పలుగా ఉండేవి. వాటిని కొద్దిగా సవరించి టీవీ మీదికి తెస్తే కొత్త కన్సోల్‌కు మొదటి రోజు నుంచే ఆటలు దొరుకుతాయి. కాగితం మీద ఇది అన్ని విధాలా పొదుపైన పథకం. దీని లోపం ఎక్కడ బయటపడిందో ముందుముందు చెబుతాను.

దీనితో వచ్చే జీ-ప్యాడ్ రెండు చేతులతో పట్టుకునే మామూలు తరహా కంట్రోలర్. రెండు అనలాగ్ కర్రలు, ఎడమవైపు దిక్కుల మీట, కుడివైపు నాలుగు బటన్లు, పైఅంచున వేళ్లకు అందే బటన్లు. ప్లేస్టేషన్ ఆడిన చేయికి కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. తీగ ఉన్నది కాబట్టి బ్యాటరీల బాధ లేదు. వీటికి తోడు బూమరాంగ్ ఆకారంలో, చేతి కదలికను పసిగట్టే మరో కంట్రోలర్ కూడా తెచ్చారు. నింటెండో వారి వీ (Wii) కన్సోల్ చూపిన దారిలో వాలీబాల్ లాంటి ఆటలను చేయి ఊపుతూ ఆడించడానికది. ఇంటిల్లిపాదినీ ఆటలోకి దింపాలన్న ఆలోచన మంచిదే. కానీ చవక కన్సోల్ కొన్న కుటుంబం చేత మళ్లీ మరో కంట్రోలర్ కొనిపించాలంటే దానికి తగిన ఆటలు కనీసం ఓ పదైనా ఉండాలి, అన్ని రాలేదు.

జీబోలో అసలు మెచ్చుకోవలసింది దాని ఆటల దుకాణం. 2009 నాటి పరిస్థితి గుర్తు తెచ్చుకుంటే దాని విలువ తెలుస్తుంది. బ్రెజిల్‌లో చాలా ఇళ్లకు బ్రాడ్‌బ్యాండ్ లేదు, చాలామందికి అంతర్జాతీయ క్రెడిట్ కార్డు లేదు, అధికారిక డిస్కులు అమ్మే దుకాణాలు పెద్ద నగరాలకే పరిమితం. ఈ మూడు అడ్డంకులనూ జీబో ఒకేసారి తొలగించాలనుకుంది. పెట్టె ఆన్ చేయగానే అది క్లారో మొబైల్ నెట్‌వర్క్‌ను పట్టుకునేది, మెక్సికోలో అయితే టెల్‌సెల్. త్రీజీ లేనిచోట దానికంటే నెమ్మదైన పాత నెట్‌వర్క్ మీదైనా నడిచేది. తెర మీదే దుకాణం తెరుచుకునేది. ఆట పేరు, బొమ్మలు, వివరణ, దాని ధర ఎన్ని జీ-క్రెడిట్లో కనిపించేవి. ఆ క్రెడిట్లను ముందుగా కొని పెట్టుకోవలసి వచ్చేది. కార్డు లేనివారు బొలేతో అనే బ్యాంకు చలానా అచ్చు తీసుకుని డబ్బు కట్టినా సరిపోయేది. ఆట ఎంచుకుని సరేనంటే అది నేరుగా పెట్టెలోకి దిగిపోయేది. ఆటలు సుమారుగా 10 నుంచి 30 రెయాల మధ్య ఉండేవి.

ఇందులో సిమ్ కార్డు రీచార్జి ఉండేది కాదు, నెల నెలా బిల్లు ఉండేది కాదు, సాంకేతిక పరిజ్ఞానం అవసరం ఉండేది కాదు. ఆ రోజుల్లో పెద్ద కన్సోళ్ల ఆన్‌లైన్ దుకాణాల్లో ఆట కొనాలంటే ఎన్ని ఖాతాలు తెరవాలో, ఎన్ని అడ్డంకులు దాటాలో తెలిసినవారికి ఈ సౌలభ్యం ఎంత ముందుచూపుతో కూడినదో అర్థమవుతుంది. కొనుగోలుదారుకు డేటా ఖర్చు కనపడనివ్వకుండా ఆట ధరలోనే కలిపేయడం అన్న ఒక్క ఆలోచనకే నేను ఈ యంత్రానికి పెద్ద పీట వేస్తాను.

అయితే ఈ సౌలభ్యానికి ఓ మూల్యం ఉంది, దాన్ని ఆటలు చెల్లించాయి. మొబైల్ నెట్‌వర్క్ మీదుగా పంపాలంటే ఆట పరిమాణం చిన్నదిగా ఉండక తప్పదు. డీవీడీ మీద వచ్చే ఆటకు గిగాబైట్ల కొద్దీ చోటు ఉంటే, ఇక్కడ మెగాబైట్లలో సర్దుకోవాలి. దాంతో సంగీతం తగ్గుతుంది, గొంతులు తగ్గుతాయి, మైదానాలూ రోడ్లూ పొట్టివైపోతాయి. దీనికి తోడు ఆటల్లో చాలాభాగం ఫోన్ కోసం పుట్టినవి. ఫోన్ ఆట రాసేవాడి మనసులో ఉండేది అంగుళాల తెర, అంకెల బటన్లు, బస్సు కోసం ఎదురుచూసే ఐదు నిమిషాలు. ఆ ఆటను తీసుకొచ్చి 21 అంగుళాల టీవీ మీద పెట్టి, రెండు కర్రల ప్యాడ్ చేతికిచ్చి, సోఫాలో కూర్చోబెడితే ఆడేవారికి కావలసింది మారిపోతుంది. వారికి గంటసేపు లీనమయ్యే ఆట కావాలి.

పెట్టెతోపాటు లోపల వచ్చిన మూడు ఆటలనే తీసుకోండి. ఫిఫా 09, నీడ్ ఫర్ స్పీడ్ కార్బన్, మెదడుకు మేత పెట్టే ట్రెయినో సెరెబ్రల్. పేర్లు చూస్తే బ్రెజిల్ కుటుంబానికి ఇంతకంటే ఏం కావాలనిపిస్తుంది: ఫుట్‌బాల్, కార్లు, చదువుకునే పిల్లలకు పనికొచ్చేది. అయితే ఈ ఫిఫా ప్లేస్టేషన్ 2లో ఆడిన ఫిఫా కాదు. బంతి, ఆటగాళ్లు, గోల్ పోస్టులు అన్నీ ఉన్నా ఆటగాడి కదలికలో ఆ నిండుదనం లేదు, పాస్ ఇచ్చినప్పుడు చేతికి తెలియవలసిన బరువు లేదు. ఫుట్‌బాల్‌ను ఊపిరిగా పీల్చే దేశంలో ఆ తేడాను పదేళ్ల పిల్లవాడు కూడా నిమిషంలో పట్టేస్తాడు. పక్కింట్లో పాత ప్లేస్టేషన్ 2 ఉంటే ఇక చెప్పేదేముంది.

భయం పుట్టించే ఆటగా పేరున్న రెసిడెంట్ ఈవిల్ 4 విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2005లో నింటెండో వారి గేమ్‌క్యూబ్ కన్సోల్ కోసం వచ్చినప్పుడు ఆ ఆటకు ప్రాణం దాని నిరంతర ప్రవాహం. పల్లెలోకి అడుగుపెట్టడం, చప్పుడు, ఒక్కసారిగా నలువైపుల నుంచీ జనం మూగడం, పరుగెత్తి ఇంట్లో దూరి తలుపుకు బీరువా అడ్డం పెట్టడం. జీబో ఎడిషన్ ఫోన్ కోసం తయారైన రూపానికి వారసురాలు. అందులో కథ చిన్న చిన్న ఘట్టాలుగా తెగిపోయింది, ఒక ఘట్టం ముగించి మెనూకు వచ్చి మరొకటి మొదలుపెట్టాలి. పాత్రలు అవే, పల్లె అదే, కాల్చే విధానమూ భుజం మీదుగా చూసే అదే కోణం. భయం మాత్రం పుట్టదు, ఎందుకంటే భయం పేరుకోవడానికి సమయం కావాలి. ఇంత చిన్న చిప్ మీద, ఇంత చిన్న పరిమాణంలో దీన్ని తీసుకురావడం సాంకేతికంగా గొప్ప పనే. ఆ పని చేసిన ఇంజనీర్ల శ్రమను నేను తక్కువ చేయను. కానీ డబ్బు పెట్టి కొన్నవారు చూసేది తెర మీద ఏముందన్నదే.

అన్నీ ఇలాంటివే అనుకుంటే మాత్రం అన్యాయం చేసినట్టవుతుంది. క్వేక్, క్వేక్ 2 ఈ యంత్రానికి చక్కగా సరిపోయాయి. అవి 1990లలో కంప్యూటర్ కోసం పుట్టిన పూర్తి స్థాయి ఆటలు కాబట్టి చిన్న పరిమాణంలోనే ఇమిడిపోతాయి, ప్యాడ్‌తో ఆడటానికీ ఒదుగుతాయి, పెద్ద తెర మీద బోసిగా కనిపించవు. డబుల్ డ్రాగన్‌కు జీబో కోసమే ప్రత్యేకంగా చేసిన కొత్త రూపం కూడా నా దృష్టిలో ఈ కన్సోల్ మొత్తానికీ మెరుగైన ఆటల్లో ఒకటి. బొమ్మలు తేటగా ఉంటాయి, ఇద్దరు అన్నదమ్ములు వీధుల్లో కొట్టుకుంటూ ముందుకు సాగే ఆ పాత ఆట రుచి చెడలేదు. మోనికా బృందంతో చేసిన చిన్నపిల్లల ఆటలు కూడా వచ్చాయి, టెక్‌టాయ్‌కు తన జనం ఎవరో ఇంకా గుర్తుందనడానికి అవి సాక్ష్యం. ఈ మంచి ఆటలన్నింటిలో ఒక పోలిక ఉంది. ఇవేవీ ఖరీదైన యంత్రం మీద ఆడే అప్పటి కొత్త ఆటను కుదించి తెచ్చినవి కావు. చిన్న యంత్రం తనకు సరిపడే ఆటను ఎంచుకున్నప్పుడల్లా గెలిచింది, పెద్ద యంత్రం ఆట పేరును అరువు తెచ్చుకున్నప్పుడల్లా ఓడింది. ఆటల జాబితా తయారుచేసిన వారు ఈ సంగతి మొదటి నెలలోనే గ్రహించి ఉంటే బాగుండేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

రెండో ప్రశ్న, ఆట ధర. 10 నుంచి 30 రెయాలంటే అధికారిక డిస్కుల ధర ముందు చాలా తక్కువే. కానీ బ్రెజిల్ వీధుల్లో జీబోకు అసలు పోటీ అధికారిక డిస్కు కాదు, ప్లేస్టేషన్ 2 నకిలీ డిస్కు. సోనీ ఆ యంత్రాన్ని అధికారికంగా బ్రెజిల్‌కు తెచ్చింది 2009 చివర్లో, 799 రెయాలకు. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే దొంగదారిన వచ్చిన ప్లేస్టేషన్ 2లు ఇళ్లలో నిండి ఉన్నాయి, వాటికి కాపీ డిస్కులు ప్రతి సందులోనూ దొరికేవి. డిస్కు లేదు గనుక జీబో ఆటను కాపీ కొట్టడం సాధ్యం కాదని కంపెనీ గర్వంగా చెప్పుకుంది, ఆట తయారుచేసేవారికి అది నిజంగా భరోసా ఇచ్చే మాటే. ఆటకు తగిన ప్రతిఫలం దాన్ని చేసినవారికి అందాలన్నదే నా పక్షం కూడా. అయితే నకిలీని అరికట్టడం కంపెనీకి లాభం గానీ కొనేవారికి దానివల్ల వచ్చేది ఏమీ లేదు. నిజాయితీగా డబ్బు కట్టేవారికి నకిలీ డిస్కు ఇవ్వలేనిదేదో చేతిలో పెట్టాలి. జీబో ఇవ్వగలిగింది ఇంట్లో కూర్చుని కొనే సౌకర్యం, సొంత భాష; ఆట నాణ్యత విషయంలో మాత్రం ఆ నకిలీ డిస్కులోని ఆటే పైచేయిగా ఉండిపోయింది.

ఈ సమస్యనే నింటెండో అంతకు ఆరేళ్ల ముందు చైనాలో మరో విధంగా ఎదుర్కొంది. 2000లో గేమ్ కన్సోళ్ల అమ్మకాన్ని నిషేధించిన ఆ దేశంలో, సిలికాన్ గ్రాఫిక్స్ అనే అమెరికా కంప్యూటర్ కంపెనీలో పనిచేసిన వెయ్ యెన్‌తో కలిసి స్థాపించిన సంస్థ ద్వారా 2003 నవంబరులో ఐక్యూ ప్లేయర్‌ను విడుదల చేసింది. నింటెండో 64 యంత్రం మొత్తం కంట్రోలర్‌లోనే ఇమిడిపోయి ఉంటుంది, దాన్ని నేరుగా టీవీకి తగిలిస్తే సరి. ధర 498 యువాన్లు, ఒక్కో ఆట 48 యువాన్లు. ఆట కావాలంటే 64 మెగాబైట్ల కార్డు పట్టుకుని దుకాణంలోని యంత్రం దగ్గరికి వెళ్లి అందులోకి ఎక్కించుకు రావాలి. తర్వాతి ఏడాది ఇంట్లోని కంప్యూటర్ నుంచి ఎక్కించుకునే వీలు కల్పించారు. వచ్చిన ఆటలు 14 మాత్రమే, కానీ అవి సూపర్ మారియో 64, జెల్డా ఆకరీనా ఆఫ్ టైమ్, మారియో కార్ట్ 64 లాంటివి, అదీ చైనీసులోకి మార్చినవి. జీబోనూ ఐక్యూనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానిలో లేనిది రెండోదానిలో ఉందని తెలుస్తుంది. ఐక్యూ దగ్గర ఎన్నేళ్లయినా వన్నె తగ్గని ఆటలున్నాయి, వాటిని ఇంటికి చేర్చే దారి కష్టం. జీబో దగ్గర నున్నటి దారి ఉంది, దాని మీద నడిచి వచ్చే ఆటలే బలహీనం.

రష్యాలో స్టీప్లర్ అనే కంపెనీ 1992 చివర్లో తెచ్చిన డెండీ కథ వేరు. అది తైవాన్‌లో తయారైన, నింటెండో వారి పాత కన్సోల్ ఫ్యామికామ్‌కు అనుమతి లేని నకలు. సాంకేతికంగా అప్పటికే పదేళ్ల పాతది. అయినా దేశమంతా అల్లుకుపోయింది, దాని పేరు మీద ఒక పత్రికా, ఒక టీవీ కార్యక్రమమూ నడిచాయి. హక్కుల విషయంలో దాన్ని సమర్థించడం సాధ్యం కాదు. కానీ డెండీ క్యాసెట్టును పిల్లలు స్నేహితుడితో మార్చుకోగలిగారు, ఆడి విసిగితే అమ్ముకోగలిగారు, ఒక్క ఆటను నలుగురు పంచుకోగలిగారు. జీబోలో కొన్న ఆట ఆ పెట్టె దాటి బయటికి రాదు. డబ్బు తక్కువున్న ఇళ్లలో ఆటలు చేతులు మారుతూ తిరిగే పద్ధతికి అక్కడ చోటు లేకుండా పోయింది. డౌన్‌లోడ్ దుకాణం పెట్టినవారు కనీసం ఆటను కొన్ని రోజులు అరువిచ్చే ఏర్పాటైనా చేసి ఉండవలసింది.

మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైనది, దానికి జీబో ఇచ్చిన జవాబు నిరాశపరుస్తుంది. కంపెనీ చివర్లో ఈ యంత్రాన్ని కీబోర్డు, ఇంటర్నెట్ విహారం, చదువు వైపు మళ్లించే ప్రయత్నం చేసింది గానీ అది నిలబెట్టలేదు. 2011లో కార్యకలాపాలు ఆపేస్తున్నట్టు ప్రకటించి, బ్రెజిల్‌లో సెప్టెంబరు 30తో దుకాణం మూసేసింది. పెట్టెలో అప్పటికే ఉన్న ఆటలు ఆడుకోవచ్చు. 1 జీబీలో చోటు చాలక తీసేసిన ఆటను మళ్లీ తెచ్చుకునే దారి ఆ రోజుతో పోయింది, పెట్టె పాడైతే అందులోని ఆటలూ దానితోనే పోయినట్టు. సర్వర్ మీద ఆధారపడే ఏ యంత్రానికైనా ఈ ప్రమాదం ఉంటుంది. కానీ డబ్బున్నవాడు ఒక కన్సోల్ మూతపడితే మరొకటి కొనుక్కుంటాడు. నెల జీతం కూడబెట్టి కొన్న కుటుంబానికి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి చవక కన్సోల్ తెచ్చేవారి మీద ఈ విషయంలో బాధ్యత మామూలు కన్సోల్ కంపెనీల కంటే ఎక్కువ. ఆటలను ఎస్‌డీ కార్డులోకి శాశ్వతంగా భద్రపరచుకునే సదుపాయం మొదటి రోజు నుంచే ఇచ్చి ఉంటే దుకాణం మూతపడినా ఆ పెట్టెలు ఇప్పటికీ ఇళ్లలో పనికొచ్చేవి.

అంకెల్లో తీర్పు చెప్పమంటే యంత్రానికి ఐదింట మూడు, ప్యాడ్‌కు మూడున్నర, దుకాణం నడిచిన కాలానికి నాలుగున్నర, ఆటల జాబితాకు రెండు ఇస్తాను. కొన్న ఆట మీద కొన్నవారికి మిగిలిన హక్కుకు ఒకటి కంటే ఎక్కువ ఇవ్వడానికి మనసొప్పడం లేదు.

ఇప్పుడు జీబో కొనదలచుకునే వారు ఉంటే వారు పాత కన్సోళ్లు సేకరించేవారే అయి ఉంటారు. వారు పెట్టె కొత్తదా పాతదా, అట్టపెట్టె ఉందా లేదా అని చూడటం కంటే ముందు అమ్మేవారి చేత దాన్ని ఆన్ చేయించి, మెమరీలో ఏయే ఆటలున్నాయో తెర మీద చూపించమనాలి. మూడు ఆటలే ఉన్న పెట్టెకూ, డబుల్ డ్రాగన్, క్వేక్, మోనికా ఆటలున్న పెట్టెకూ బయటికి కనిపించే తేడా ఏమీ ఉండదు, విలువలో మాత్రం పోలికే లేదు. ప్యాడ్ తీగ దగ్గర చీలిక ఉందేమో చూసుకోవాలి. ఏవీ రంధ్రం లేని కొత్త టీవీ అయితే మార్పిడి పరికరం ఒకటి అదనంగా కావలసి వస్తుంది. ఫ్యాక్టరీ సెట్టింగులకు తిరిగి మార్చే ఆప్షన్ జోలికి మాత్రం పొరపాటున కూడా వెళ్లకూడదు. కొన్న ఆటలు చెరిగిపోతే వాటిని తిరిగి ఇచ్చే దుకాణం ఇప్పుడు లేదు.